ఏకగ్రీవం

కెజియా రుబ్బిన పిండిలో ఉల్లిపాయ ముక్కలు కలుపుతుంటే, భర్త యిర్మీయా చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓటు లేని సీటేగా, నిలబడు. ఎటూ గారెలు చేసేదానివి నువ్వే. సుజిత ఊసు మాత్రం అక్కడ ఎత్తమాకు, పరువు పోద్ది."

సౌదీలో, రియాద్‌లో జరిగే తెలుగు మహాసభకు జెద్దా తెలుగు సంఘం ఆడవాళ్ళ తరఫున ఒక ప్రతినిధిని ఎన్నుకుంటుంది. ఆమె మాట్లాడవచ్చు, ఓటుకు చెయ్యెత్తకూడదు. ఎన్నికైన రోజున వందన సమర్పణ కూడా ఆమె పనే. మాట్లాడవచ్చు అన్నదే కెజియాకు చాలు. పెళ్ళికాని నర్సు ఏ సభ్యుడి ఇంటి మనిషీ కాదు గనుక ఆమె కోసం సంఘం కదలనక్కరలేదన్న నియమం గురించి మహాసభలో అడగాలి. కిందటేడు నజ్రాన్‌లో నర్సుగా పనిచేస్తున్న చెల్లెలు సుజిత చనిపోయినప్పుడు ఆ నియమం చూపించే సంఘం చేతులు దులుపుకుంది. కాగితాలు కదలక వారాలు గడిచి, శవపేటిక ఊరు చేరేసరికి తెరవవద్దన్నారు. అమ్మ కూతురి మొహం చూసుకోలేదు. అన్నాళ్ళూ కెజియా ఆస్పత్రిలో డ్యూటీ చేసింది, ఇంటికొచ్చి అన్నం వండింది. "సాయం చేద్దామని నేను చెయ్యెత్తానే, నా ఒక్కడిదేం చెల్లుద్ది" అన్నాడు యిర్మీయా, మీటింగు నుంచి వచ్చి. ఎత్తిన ఆ ఒక్క చేతిని తలచుకునే ఆమె ఈ ఏడాది అతని పక్కన పడుకోగలిగింది.

ఆ సాయంత్రం సంఘం హాల్లో గారెలు పళ్ళేల్లో సర్దుతుంటే, అధ్యక్షుడు ప్రేమరాజు భార్య రూతు దగ్గరకొచ్చింది.

"పోటీ లేదంట వదినా, నిన్నే ఏకగ్రీవం చేసేశారు. మా ఆయన సంగతి తెల్సుగా! తను కుర్చీలో ఉండగా ఏ తీర్మానానికీ ఒక్క చెయ్యి తేడా రాలేదని ఒకటే గొప్పలు."

"సుజిత విషయంలో కూడానా?"

రూతు నాలుక కరుచుకుంది. "సాయం వద్దనే అన్నారంట వదినా... అందరూ."

కెజియా పళ్ళెం కింద పెట్టింది. అంతలో ఆమె పేరు పిలిచారు. యిర్మీయా మైకు అందిస్తూ గొణిగాడు. "రెండు ముక్కలు చెప్పి దిగు. నవ్వుతా చెప్పు."

"అందరికీ వందనాలు. నాకు ఓటు లేదు. ఉన్నవాళ్ళకు పేరుపేరునా వందనాలు చెప్పడం నా పని."

ముందు వరుసలో కూర్చున్న యిర్మీయా చప్పట్లకు చేతులెత్తాడు. ఆమె ఆ చేతులనే చూసింది.

"నా చెల్లెలి విషయం ఏకగ్రీవం కావడానికి ఆ రోజు చెయ్యెత్తకుండా కూర్చున్న నా భర్త యిర్మీయా గారికి, మొదటి వందనం."