బల్ల రొట్టె

మా అత్త రాహేలమ్మ నన్ను ఎవరి ముందూ పొగడదు. నేను కాల్చే రొట్టెను మాత్రం ఉదయగిరి అంతా తిరిగి పొగుడుతుంది. ఆ పొగడ్తే నా కాళ్ళకు చుట్టుకుంది.

పెళ్ళికి ముందు నెల్లూరులో ఒక బేకరీలో పనిచేశాను. పిండిలో గోరువెచ్చని పాలు, ఈస్టుతో పాటు వెన్నలా ఉండే క్రీమ్ చీజ్ కూడా వేసి బాగా పిసికితే రొట్టె రెండు మూడు రోజులైనా మెత్తగా ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను. పోయిన ఏడాది చర్చిలో ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో విరిచి అందరికీ పంచడానికి, తెచ్చిన అంగడి రొట్టె బూజు పట్టి ఉంటే, ఇంట్లో తినడానికి నేను కాల్చుకున్న రొట్టెను అత్త ఎత్తుకుపోయింది. అప్పటినుంచి నెలనెలా మొదటి ఆదివారం బల్ల రొట్టె మా ఇంటిదే. ముందు రోజు ఉపవాసం ఉండి నేనే కాల్చాలి.

అంతవరకు నాకూ సంతోషమే. పోయిన వారం ఆత్మకూరు నుంచి సాయిరా ఫోన్ చేసింది. ఆమె, భర్త షానవాజ్ అక్కడ బేకరీ నడుపుతారు. షానవాజ్ మా ఆయన డేవిడ్‌రాజుకు బడిలో దోస్తు. రొట్టెల పని మొత్తం నాకే అప్పజెబుతారట. సోమవారం నుంచి రావాలి, ఆదివారం లోపల మాట చెప్పాలి. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం తిరిగి రావచ్చు. ఆ రోజు సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

అత్తకు చెప్పాను.

"బల్ల రొట్టె చేసే చెయ్యి అంగట్లో పిండి పిసుకుద్దా? అది దేవుడు ఏర్పరచుకున్న చెయ్యి" అంది.

"నెలకొక్క శనివారమే గదత్తా. ఆ రోజు సెలవు పెట్టుకుంటాను."

"ఏర్పరచుకున్న చెయ్యికి సెలవుండదు."

మా ఆయన వైపు చూశాను. "మీరిద్దరూ మాట్లాడుకోండి" అని లారీ తాళాలు తీసుకుని మర్రిపాడు లోడుకు పోయాడు. దేవుడి పేరు చెప్పేవాళ్ళతో వాదించే కన్నా గోడతో వాదించడం మేలు. గోడ కనీసం మన కోసం ప్రార్థన చెయ్యదు.

బల్లకు ముందు రోజు, శనివారం నాకొక బుద్ధి పుట్టింది. రొట్టె చెడితే నన్ను వదిలేస్తారు. క్రీమ్ చీజ్ వెయ్యలేదు. పాలకు బదులు చన్నీళ్ళు పోశాను. పిండి పొంగకముందే ఓవెన్‌లో పెట్టాను. తీసి గట్టు మీద పెడితే టక్కుమంది. చేతులారా రొట్టెను చెడగొట్టినందుకు ఏడుపొచ్చింది. అయినా గుడ్డ చుట్టి అత్తకిచ్చాను.

ఆదివారం పాస్టరయ్య దాన్ని విరవడానికి నానా తంటాలు పడ్డాడు. చర్చంతా నమిలే చప్పుడే. నేను తలొంచుకుని తిట్ల కోసం కాచుకున్నాను. ముందు వరసలో ఆదిశేషమ్మ అవ్వకు పళ్ళు లేవు. తన ముక్కను ద్రాక్షరసంలో నానబెట్టుకుని నోట్లో వేసుకుంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా నాయన కాలంలో రొట్టె ఇట్టనే ఉండేది. ఇన్నాళ్ళూ మనం కేకు తింటా ఉండినాం. సిలువ మెత్తగా ఉంటదా?" అంది.

పెద్దలంతా ఆమేన్ అన్నారు. ఇకమీదట ప్రతి నెలా ఇదే రొట్టె కావాలని చెప్పి, పాస్టరయ్య నా పేరు పెట్టి ప్రార్థన చేశాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరుచుకునే ఉన్నాను.

ఇంటికొచ్చాక అత్త నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచింది. మూత తియ్యని క్రీమ్ చీజ్ డబ్బా కనిపించింది. కాసేపు దాన్నే చూసి, తీసి నా ముందు పెట్టింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నువ్వు రాయి చేసినా అది బల్ల మీదికే పోద్ది సుజనా. ఆత్మకూరికి పోదు."

అప్పుడే సాయిరా ఫోన్ వచ్చింది. అత్త లేవలేదు, నా ఎదురుగానే కూర్చుంది.

"రేపు వస్తావా అక్కా?"

"రాలేను సాయిరా."

"ఏమైంది?"

"రొట్టె బాగా చేస్తాను గదా, అందుకు" అన్నాను.