డెబ్బై డిగ్రీల ఇల్లు

మళ్ళీ డెబ్బై, కళ్ళు నులుముకుని చూసినా హీటర్‌ని నడిపే ఈ గోడమీది థర్మోస్టాట్‌లో డెబ్బై ఫారెన్‌హీటే, అంత వెచ్చగా ఉంటే రెండు స్వెట్టర్ల మీద శాలువా చుట్టుకుని హాల్లో ఎలుగుబంటిలా తిరుగుతున్నదెవరో మరి, పొద్దున తోడుపెట్టిన పాలు మధ్యాహ్నం రెండైనా పాలలాగే ఉన్నాయి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, మా ఆయన దివాకర్ మాత్రం శనాదివారాలు కూడా ఆఫీసులోనే కూర్చుని ఫోన్లో ఇంటి వెచ్చదనం చూస్తాడు, యాప్‌లో సెవెంటీ చూపిస్తోంది నళినీ, సెవెంటీ అంటే టీషర్ట్ వెదర్, నీకే ఏదో తేడాగా ఉంది, థైరాయిడ్ టెస్ట్ చేయించుకో, అంటాడు, సాయంత్రం ఆరింటికి అతనొచ్చేసరికి ఈ మాయదారి ఇల్లు నిజంగానే వెచ్చబడి ఉంటుంది, చూశావా అని బూట్లు విప్పుతూ నవ్వుతాడు, ఒళ్ళు మండిపోతుంది, రోజు మొత్తంలో నాకు పుట్టే వేడి అదొక్కటే.

ఈ చలికాలం గ్యాస్ బిల్లు సగానికి దించుతానని పంతం పట్టాడు, కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించాడు, తలుపుల కింద తువ్వాళ్ళు కుక్కాడు, బయట ఈ ట్రాయ్ ఊరంతా మంచు, మంచులో డ్రైవ్ చేయాలంటే నాకు గుండె దడ, ఉద్యోగానికి పోదామంటే వర్క్ పర్మిట్ రెన్యువల్ ఐదు నెలలుగా కదలడం లేదు, మూత బిగించిన డబ్బాలో కూర్చుని వణికే పిచ్చిదాన్ని నేను, పిచ్చే అయ్యుంటుంది, అంకె అబద్ధం చెబుతుందా, అందుకే శుక్రవారం రక్తపరీక్షకి అపాయింట్‌మెంట్ బుక్ చేశాను, ధనుర్మాసం పట్టిన దగ్గర్నుంచే కదా ఈ రోగం, మూడు వారాలు, స్వామీ నాకేమిటీ శిక్ష అని దండం పెట్టబోయానో లేదో దేవుడి అరలో దీపం కొండెక్కింది, రోజూ నాలుగింటిదాకా వెలిగేది, ఇవాళ నూనె తక్కువ పోసినట్టున్నాను.

వంటింట్లోంచి నూనె డబ్బా వెతికి తెచ్చేసరికి గోడమీద అరవై ఆరు, నిలబడి చూస్తుండగానే అరవై మూడు, కాసేపటికి యాభై తొమ్మిది, కింద బేస్‌మెంట్‌లో హీటర్ ధడేల్మని లేచింది, ఓరి నాయనో, పడగ్గదిలో అగరొత్తుల పొగకి స్మోక్ అలారం గోల పెడుతోందని దేవుడి అరను తెచ్చి సరిగ్గా ఈ థర్మోస్టాట్ కిందే మేకులు కొట్టాడు దివాకర్, నేనేమో ధనుర్మాసం నెలపట్టానని తెల్లారేసరికి ప్రమిద నిండా నూనె పోసి వెలిగిస్తున్నాను, ఆ సెగకి ఈ పెట్టె ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని హీటర్‌ని రోజంతా పడుకోబెడుతోంది, ఫోన్ మోగింది, నళినీ, యాప్‌లో ఫిఫ్టీ నైన్ వస్తోందేంటి, విండో ఏమైనా ఓపెన్ చేశావా, అంటున్నాడు, తెరవడానికి ఏ కిటికీ మిగిల్చావు నాయనా, నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, నాకే రోగమూ లేదు, ఇల్లే చల్లగా ఉంది, దీపం సెగకి ఆ పెట్టె మోసపోయింది, పెట్టెను చూసి దివాకర్ మోసపోయాడు, సరే, కానీ చలేస్తోందని ఈ చేతులు మూడు వారాలుగా నాకు చెబుతూనే ఉన్నాయి, వాటి మాట నమ్మనిది నేనే.