కొంగ ముసలిదాని ముఖం

తెర మీద కొంగ ముసలిది మొదటిసారి ముఖం ఇటు తిప్పినప్పుడు బడి గదిలో ఎవరూ కేక వెయ్యలేదు. అందరూ తలలు తిప్పి, వెనక చాప మీద కూర్చున్న మా ఊరి అమ్మమ్మ తిలేశ్వరి ఆయితా వైపు చూశారు.

ఆ ముఖం ఆవిడదే.

కుంతలా బైదేవ్ మా బడి పంతులమ్మ. మా వైపు అక్కని బైదేవ్ అంటాం. ముసలమ్మలు చెప్పే కథలు వాళ్ళతోనే పోతాయని బెంగపడి, సెలవుల్లో ట్యాబ్ మీద బొమ్మలు గీసి, వాటిని కదిలించి సినిమాలు చేసేది. నేను రంగులు నింపేదాన్ని. ఏటి ఇసుకలో పిల్లల్ని మింగే కొంగ ముసలిదాని కథ మా ఊళ్ళో ఒక్క ఆయితాకే తెలుసు. చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం చూసి బైదేవ్ అదే గీసేసింది.

"నా మొహమా? పెళ్ళికే ఎవరూ ఫోటో తియ్యలేదే తల్లీ!" అని ఆయితా బోసినోటితో నవ్వింది.

మా నాన్న నాటకాలకి వెదురుతో రాక్షసుల ముఖాలు అల్లుతాడు. ప్రతి ముఖంలోనూ ఏదో ఒకటి వంకర చేస్తాడు, బతికున్నవాళ్ళ పోలిక రాకూడదని. బైదేవ్ గీస్తున్నప్పుడే ఆ సంగతి గుర్తొచ్చింది. చెప్పలేదు. బొమ్మ అంత బాగుంది.

ఆ నెలలో జ్వరంతో ఇద్దరు పిల్లలు పోయారు. అందులో ఒకతె లోఖేశ్వర్ కూతురు. సినిమా చూసిన మర్నాడు పొద్దున్నే అతను పాతికమందిని వెంటేసుకుని ఆయితా ఇంటి మీద పడ్డాడు.

బైదేవ్, నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఆవిడని వక్కచెట్టుకి కట్టేశారు. జుట్టు కత్తితో కోసేశారు. అక్కడక్కడ చర్మం కూడా లేచొచ్చింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మా కళ్ళముందే వెదురుకర్ర మోకాలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అయినా రెండో దెబ్బ పడింది.

"ఆపండి! ఆ మొహం నేను పెట్టింది లోఖేశ్వర్! నాకు నచ్చి పెట్టాను!" అని అరిచింది బైదేవ్.

"నచ్చిందట! ఊరంతా ఉండగా ఈ ముసలిదే నచ్చిందా బైదేవ్?" అంది గుంపులో ఒకావిడ.

"పిల్లల్ని తినేదెవరో నువ్వే చూపించావు. ఇప్పుడు అడ్డం రాకు," అన్నాడు లోఖేశ్వర్. ఏడ్చి ఏడ్చి అతని గొంతు బొంగురుపోయింది.

బైదేవ్ సంచిలోంచి ట్యాబ్ తీసి, అందరికీ కనబడేలా పట్టుకుని, ఆ ముఖాన్ని చెరిపేసింది.

"ఇదిగో, పోయింది. ఇది వట్టి బొమ్మ."

"చెరపడం ఎవరికైనా వచ్చు. వేరే మొహం పెట్టు చూద్దాం. నీ వల్ల కాదు. అది దానంతట అదే వచ్చింది!" అన్నాడు లోఖేశ్వర్.

బైదేవ్ నా వైపు చూసి, కళ్ళతో తాడు చూపించింది. తర్వాత తన ముఖమే గీయడం మొదలుపెట్టింది. ముందు కనుబొమలు. తర్వాత ముక్కు. ఒక్కో గీతకీ జనం ఆమె చుట్టూ మూగారు. చెట్టు దగ్గర ఎవరూ మిగల్లేదు.

కింద పడున్న కత్తితో తాడు కోసి, ఆయితాని వీపున వేసుకుని ఏటివైపు పరుగెత్తాను. విరిగిన కాలు నా నడుముకి కొట్టుకుంటున్నప్పుడల్లా ఆవిడ నా భుజం కొరికింది గానీ అరవలేదు.

"ఇదీ మంత్రగత్తే! చూడండి, దీని మొహమే!" వెనకనుంచి లోఖేశ్వర్ బొంగురు గొంతు.

ముందు ట్యాబ్ అద్దం పగిలిన చప్పుడు. తర్వాత దెబ్బలు. బైదేవ్ కేక రెండుసార్లు వినిపించింది.

ఒడ్డున కట్టేసి ఉన్న పడవలో ఆయితాని పడుకోబెట్టి, తాడు విప్పి నీళ్ళలోకి తోశాను.

"తిప్పవే జూరీ, ఆ పిల్లని చంపేస్తున్నారు," అంది ఆయితా, నోట్లోంచి రక్తం కారుతుండగా.

"అవతల ఒడ్డున పోలీసు ఠాణా ఉంది ఆయితా."

"వాళ్ళొచ్చేసరికి ఏం మిగులుతుంది? నన్ను వాళ్ళకిచ్చెయ్! నేనెన్నాళ్ళు బతుకుతాను?"

తెడ్డుని రెండు చేతులతో పట్టేసుకుంది. పడవ ఏటి మధ్యలో గిరగిరా తిరిగింది. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. చివరి వేలు రాలేదు. వెనక్కి విరిచాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. నేను అవతలి ఒడ్డుకి తెడ్డు వేశాను.