గుడిసెల అయిదో జాగా

ఎండకాలం వచ్చిందంటే జానమ్మకు వంచిన నడుము ఎత్తుడుండదు. చింతగింజలు వేయించుడు, దంచుడు, నానవెట్టుడు, ఉడికించుడు. ఆ గంజిని గొంగళ్లకు దట్టంగ పూసి ఎండలేస్తది. ఎండినంక గొంగడి బిర్రుగయితది. నీళ్లు దిగయి, గాలి పోదు. అసుంటి గొంగళ్లు ఇరవై నాలుగు కలిపి కుడితే ఒక గుడిసె అయితది.

రామన్నపేటకు ఆరు మైళ్లున్న ఆ కుర్మపల్లెల మేత కరువైతే గొర్లను వేరే ఊర్లోళ్ల లెక్క కృష్ణ ఒడ్డుకు తోలరు. పైకి తోలుతరు. గుట్ట కొస దాటినంక గూడ గొర్లు అట్లనే ఎక్కుకుంట పోతయి. మబ్బులకు పైన బీడు ఉన్నది, మోకాటి మందం పచ్చిక. గొర్రెకేం ఫికరు, తన గాలి తన బొచ్చుల దాసుకొని పోతది. మనిషికే కష్టం, పైన గాలుండదు. అందుకే గుడిసె. నల్ల గొంగడి ఎండకు కాగంగనే గుడిసె నిమ్మళంగ లేస్తది, పోయి బీడుల కూసుంటది. మేపెటందుకు బయటికి పోయెటోడు తలకెళ్లి కప్పుకునే గొంగడి కొప్పెర ఏసుకుంటడు. దాంట్ల జాము సేపటి గాలి పడ్తది.

కుట్టుడొక్కటే గాదు, నెల రోజుల బందోబస్తంత జానమ్మదే. నలుగురికి రొట్టెలెన్ని, నీళ్ల తిత్తులెన్ని, ఎవరెప్పుడు బయటికి పోవాలె, ఎవరెక్కడ పండాలె, అన్ని ఆమె నోట్లెనే ఉంటయి. దగ్గున్నోన్ని పోనియ్యది. కొత్త పెండ్లయినోన్ని అసలే పోనియ్యది, వాని పానమంత కిందనే ఉంటదని. ఇంకొక మాట ఏటేటా చెప్తది: "సూడి గొర్రెను మాత్రం తోలకుండ్రి. పైన ఈనిందనుకో, పిల్లకు బొచ్చుండది. గుడిసెల గాలి దానికి గూడ పంచాలె."

అరవై ఒకటి సాల్ల, మంద పైకి పోయిన వారానికి రామన్నపేట బడిల చెప్పే ఎల్లేశం సారు సైకిలేసుకొని వచ్చిండు. పేపరు ఊపుకుంట, "ఇన్నరా, రష్యా దేశపోడు ఒకడు ఆకాశంల తిరిగొచ్చిండట!" అన్నడు.

"ఎన్ని రోజులున్నడు సారూ?" అని అడిగింది జానమ్మ.

"రోజులేందమ్మా! రెండు గంటలు గూడ గాలె."

"ఓస్, గంతకేనా! రొట్టె గూడ అక్కర పడలె. గొర్లను తోలిండా?"

"లేదు, ఒక్కడే పోయిండు."

"మరి ఎందుకు పోయిండట?" అనుకుంట గంజి కలిపింది. మళ్ల అడిగింది. "సారూ, వాని గుడిసె ఎవరు కుట్టిండ్రో రాసిండ్రా?"

సారు పేపరు ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. రాయలేదన్నడు.

పైనున్న గుడిసె నుంచి ఒక బొచ్చు తాడు కిందికి ఏలాడుతది. దాని కొస జానమ్మ మామ కాటమయ్య చేతిల ఉంటది. రోజు పొద్దుగూకెటప్పుడు పైనోళ్లు గుడిసెల ఎన్ని పానాలుంటే అన్నిసార్లు గుంజుతరు. నాలుగు గుంజితే నలుగురు మంచిగున్నట్టు. పదిహేనో రోజు తాడు అయిదుసార్లు కదిలింది.

"నలుగురు పోతే అయిదుగురెట్లయిండ్రు బిడ్డా?" అన్నడు కాటమయ్య బుగులుతోని.

జానమ్మకు సమజయింది. "పిల్ల పుట్టింది మామా. నీ కొడుకే, ఇంకెవడు! కింద వదిలిపెడితే మేత లేక సస్తయని సూడి గొర్రెలను మందల కలిపిండు. రానీ, ఆయన పని చెప్త. అయిదుకైతే సరిపోతది. నేను అయిదుగురికే కుట్టిన."

"పోయేది నలుగురైతే అయిదుగురికెందుకే?"

జానమ్మ ఆ మాట ఇననట్టు లోపలికి పోయింది.

తెల్లారి తాడు ఆరుసార్లు కదిలింది. ఆ మర్నాడు ఏడుసార్లు. జానమ్మ ఏళ్ల మీద లెక్క గట్టింది. నెలకు పోసిన గాలి నెల నిండేదాక రాదు.

"అయితే గుంజుదాం పా!" అని తాడు వట్టిండు కాటమయ్య.

"గుంజకు మామా! ఎవడన్న కొప్పెరేసుకొని బయటుంటే వాడు పైన్నే మిగుల్తడు."

పంతొమ్మిదో రోజు తాడు మళ్ల ఆరుసార్లే కదిలింది. ఇద్దరు ఏడోదాని కోసం చీకటి పడేదాక తాడు వట్టుకొని కూసున్నరు. తగ్గింది పిల్లనో మనిషో తాడెట్ల చెప్తది? తన మొగడు మల్లన్నే అయితే ఎట్ల అనుకున్నది జానమ్మ.

పొద్దున గొంగళ్లు అడుగుకుంట ఇంటింటికి తిరిగింది. ముందుగాల కాటమయ్య తన భుజం మీది గొంగడి తీసిచ్చిండు. మిగిలినోళ్లు గూడ ఇచ్చి ఎండల బోడి భుజాలతోని నిలవడ్డరు. ఊరి ఆడోళ్లంత చింతగింజలు దంచిండ్రు. మూడు రోజులల్ల ఇంకో గుడిసె తయారయింది. దాని నిండ గాలి, నడుమ ఒక్క మనిషికి జాగా.

"ఎవరు పోతరు మరి?" అన్నడు కాటమయ్య.

"రెండు గుడిసెలకు మూతి మూతి కలిపి గాలి పోకుండ కుట్టాలె. ఆ కుట్టు నాకే వస్తది. నేనే పోత."

"ఆడది మంద ఎంబడి పోయిన రివాజు లేదు బిడ్డా."

"నీకు కొడుకు కావాల్నా, రివాజు కావాల్నా?"

కాటమయ్య ఒంగి కొత్త గుడిసె ముడి ఇప్పిండు.

గుడిసె లేసింది. జానమ్మ ఇంక కట్టని మూతికెళ్లి కిందికి చూసింది. తన వాకిట్ల ఆరేసిన గొంగళ్లు నల్ల నల్ల ముక్కలుగ కనవడ్డయి. తను గింజలేరుకున్న చింతచెట్లు ఒక్కొక్కటే చిన్నగయినయి. నార్కట్‌పల్లి సడకు సన్నగయి మాయమయింది. మబ్బులు లోపలికొచ్చి ఆమె చీర కొంగు తడిపి పోయినయి. అప్పుడు మూతి బిగగట్టింది. పన్నెండేండ్ల సంది గుడిసెలు కుడుతున్నది గని, లోపల కూసుంటే ఇంత హాయిగుంటదని ఆమెకు తెల్వదు. మొగని మీద పానం కొట్టుకుంటున్నా గూడ కండ్లు మూతలు పడ్డయి. లేసేసరికి చుట్టూ పచ్చిక, గొర్లు.

మూతికి మూతి కలిపి కుట్టింది. లోపలికి దూరి చూస్తే మంద ఎంబడి వచ్చిన గుర్వయ్య, ఇంకిద్దరు, మూడు గొర్రెపిల్లలు ఉన్నరు. మల్లన్న లేడు. గుర్వయ్య బయటికి చేయి చూపిండు. గొర్ల నడుమ కొప్పెరేసుకొని మల్లన్న పడున్నడు. ముఖం నీలంగున్నది. జానమ్మ, గుర్వయ్య కొప్పెరలేసుకొని పోయి లోపలికి గుంజుకొచ్చిండ్రు. కొత్త గాలి తాకినంక ఆయన కండ్లు తెరిసిండు.

"సచ్చినోడా! బయటెందుకు పండినవు?" అని ఏడ్సుకుంటనే కొట్టింది.

"పిల్లలకు జాగా చాలలె. నా జాగా ఇచ్చిన. గాలి ఒడిసినప్పుడు ఒకసారి లోపలికొచ్చి కొప్పెర నింపుకొని పోతున్న. గందుకే గుంజుడు లెక్కల నన్ను పట్టుకోలె. ఇయ్యాలైతే లేవ శాతగాలె," అన్నడు మల్లన్న మెల్లగ.

జానమ్మ ఒక మూలకు చూసింది. మనిషి పండెంత జాగా ఖాళీగున్నది. దానికి పసుపు బొట్లు పెట్టున్నయి.

"అగో, అంత జాగా ఖాళీగుండంగ?"

"అది బీరప్పది గదనే," అన్నడు గుర్వయ్య. "నలుగురికి అయిదు జాగాలు కుడుతవు. దేవుని కోసమే అనుకున్నం. ఆ జాగల పండం, ఆ పాలు గాలి గూడ ముట్టం. పన్నెండేండ్ల సంది గంతే."

జానమ్మకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలవలె. నోరు తెరిసి ఒక్కసారన్న చెప్పకపోతినని తన మీద తనకే కోపమొచ్చింది.

"బీరప్పది గాదు," అన్నది. "అది నాది. ఏటేటా కుట్టిన. ఎన్నడన్న ఒక్కసారి నువ్వు గూడ రా అంటవేమోనని."

గుర్వయ్య తల దించుకున్నడు.

"అడగాలెనని నాకు తోచనే లేదే జానా," అన్నడు మల్లన్న.

"ఇప్పుడడుగు."

మల్లన్న మోచేతి మీద లేసి కూసున్నడు. ముగ్గురు మొగోళ్ల ముందల, మూడు పిల్లల ముందల, గొంతు సవరించుకొని అడిగిండు.

"జానా, మా ఎంబడి వస్తవా?"

జానమ్మ తొందరపడలె. పోయి ఆ జాగల చెత్త దులిపింది. గొంగడి పరిసింది. కాళ్లు సాపుకొని కూసున్నది.

"వస్త," అన్నది.