సెకండ్ షిఫ్టు వారంలో పగటి నిద్ర

కోడలి మీద కోపం రావడానికి దుర్గవ్వకు కారణం అక్కర్లేదు. ఈసారి మాత్రం కారణం కూడా దొరికింది. నాలుగేళ్ల మనవరాలు వందనకు పగటి నిద్ర మాన్పించాలని నిఖిత హుకుం జారీ చేసింది. రాత్రి పదకొండైనా పిల్ల కళ్లు మూయడం లేదట, పొద్దున బడిలో కునుకుతోందట, ఇట్లాగైతే వచ్చే ఏడూ నర్సరీలోనే కూర్చోబెడతామని టీచరమ్మ తేల్చి చెప్పిందట. ఇక మధ్యాహ్నం పడుకోబెట్టొద్దు, రాత్రి ఎనిమిదిన్నరకు లైటు తీసెయ్యాలి. అంత మాటా చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని మీసేవ సెంటర్లో పనికి పోయింది మహాతల్లి.

దుర్గవ్వ సరేనని తలూపింది. తలూపడానికి ఏం పోయింది?

కొడుకు మొగిలిది బొగ్గుబాయిలో పని. సెకండ్ షిఫ్టు వారమైతే పిల్ల బడికి పోయేటప్పుడు నిద్రలో ఉంటాడు, అది వచ్చేసరికి బండెక్కుతుంటాడు, మళ్లీ ఇల్లు చేరేది అర్ధరాత్రి. పిల్ల ఎనిమిదిన్నరకే పడుకుంటే ఇక తండ్రి మొహం ఎప్పుడు చూస్తుంది? బాయి పని చేసే మొగుడితో ముప్పై ఏళ్లు ఈ క్వార్టర్లోనే కాపురం చేసింది దుర్గవ్వ. మొగిలిని కూడా మధ్యాహ్నం పడుకోబెట్టి, తండ్రి వచ్చేదాకా మేలుకోబెట్టి పెంచింది. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేది కూడా. అలవాటు తప్పితే మళ్లీ రాదని, షిఫ్టు ఏదైనా సరే, రోజూ పిల్లను జోకొట్టి పడుకోబెట్టింది. సాయంత్రం కోడలు అడిగితే "పండలే, ఆడుకున్నది" అనేది, రెప్ప కొట్టకుండా.

నెల దాటాక ఒక శనివారం, సర్వర్ పనిచేయక నిఖిత మూడింటికే ఇంటికొచ్చింది. కర్టెన్ దించిన గదిలో, కూలర్ ముందు వందన నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"ఎన్ని దినాల సంది నడుస్తుంది గీ నాటకం?"

"మెల్లగ మాట్లాడు, పిల్ల లేస్తది."

"లేవనీ! రాత్రి పండుతలేదని పోరిని కొడుతున్న నేను. మొన్న కాళ్ల మీద వాతలు తేలినయ్. నువ్వు కండ్లతోని చూసుకుంట గూసున్నవ్ అత్తమ్మా!"

ఆ మాట సూటిగా తగిలింది. ఆ వాతలకు కొబ్బరినూనె రాసింది దుర్గవ్వే. అయినా కోడలి ముందు తగ్గడం ఆమెకు చేతకాదు.

"కొట్టింది నువ్వు. నాకు అంటగడ్తవా? పొద్దంతా బయట తిరిగేదానికి పిల్ల బాగోగులు ఏమెరుక?"

"అబద్ధం ఆడింది నువ్వు. నా పని మీద వడకు."

పిల్ల లేచి ఏడుపందుకుంది. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని గుంజారు, తర్వాత సిగ్గేసి వదిలేశారు.

తెల్లారి ఆదివారం, మొగిలికి సెలవు. పంచాయితీ అతని ముందుకొచ్చింది. కొడుకు తన వైపే ఉంటాడని దుర్గవ్వకు రవ్వంత అనుమానం కూడా లేదు. ఇదంతా వాడి కోసమేనాయె.

మొగిలి చాయ్ గ్లాసు కింద పెట్టి, "దాన్ని రాత్రి జల్ది పండనియ్యవ్వా," అన్నాడు. "నేను పానం పోయినట్టయి వస్త. అది ఆడుదాం రా అని మీదెక్కుతది. ఇంకో షిఫ్టు చేసినట్టే ఉంటది నాకు."

"గట్లంటవారా? అది నీ మొఖం చూడాల్నని గదరా నేను ఇన్ని మాటలు పడ్డది! నిన్ను గట్ల మేలుకోబెట్టకపోతే మీ బాపు నిన్ను ఎత్తుకునేటోడా?"

మొగిలి చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు.

"బాపు ఎత్తుకునుడు నాకు యాదికి లేదవ్వా. నిద్ర ఆగక ఏడుస్తుంటే నువ్వు మొఖం మీద నీళ్లు కొట్టుడే యాదికున్నది."

దుర్గవ్వ కోడలి వైపు చూసింది. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఎగిరి పోట్లాడొచ్చు. నిఖిత లేచి అత్త ముందు కూడా ఓ చాయ్ గ్లాసు పెట్టింది.