కాళియమ్మాళ్ వంతు

క్వారీ అంచు విరిగిపడి కాళియమ్మాళ్ చచ్చిపోయింది. ఆమె నెత్తురు రాతిమీద ఆరకముందే కాంట్రాక్టరు సుందరమూర్తి పోలీసులకు చెప్పేశాడు: ఆమె కూలీ కాదు, మొగుడికి కూడు తెచ్చిన ఆడమనిషి.

తమిళనాట మేలూరు దగ్గరి ఆ క్వారీలో పని జోడీకి ఇస్తారు. మొగుడూ పెళ్లామూ కలిసి రాళ్లు కొడతారు, కూలీల పుస్తకంలో పేరు మాత్రం మొగుడిది. పేరు లేని మనిషి చస్తే కేసు లేదు. పక్కనే ఉన్న భర్త దొరైసామి నోరు తెరవలేదు. పని తనదేనని, ఆమెది చేతిసాయమని అతనూ ఇన్నేళ్లు నమ్మాడు.

కర్మ ముగిసిన సాయంత్రం కాలనీ జనం అతని వాకిట చేరారు. కేసు పెడదామని కొందరు, ఉన్న పని ఊడుతుందని కొందరు. మదురైలో కాలేజీ చదివే కూతురు తేన్మొళి మధ్యలో అడిగింది.

"లోడు రాయి ఇద్దరూ కొడితే ఎన్ని దినాలు నాయినా?"

"నాలుగు."

"నువ్వు ఒంటిగా?"

తేన్మొళి పుట్టినప్పుడు అతను ఒంటిగా కొట్టాడు. "పన్నెండు."

తేన్మొళి సుద్దముక్కతో గోడమీద రాసింది. ఒక్క దినంలో ఇద్దరి పని నాలుగో వంతు. అందులో నాయనది పన్నెండో వంతు. అమ్మకు ఒంటిగా x దినాలు అనుకుందాం.

1/x = 1/4 − 1/12 = 1/6

"అమ్మకు ఆరు దినాలే. నీకు రెండింతలు చేస్తా ఉండె."

ఎవడో నవ్వాడు. "కూడు తెచ్చినదానికి ఇంత కణక్కా?"

క్వారీలోనే రాళ్లు కొట్టే అంజలమ్మ లేచింది. "నీ పెండ్లాముది లెక్క కట్టినాక నవ్వు."

ఇంటింటి లెక్కా కట్టారు. ఏ ఇంట్లోనూ ఆడదాని వంతు సున్నా రాలేదు. దొరైసామి ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి ఆడించవే అని రోజూ భార్యనే కసిరేవాడు.

తెల్లారి ఆడవాళ్లంతా సుత్తులు ఒళ్లో పెట్టుకుని క్వారీ గేటుకు అడ్డంగా కూర్చున్నారు. అందరి పేర్లూ పుస్తకంలో ఎక్కాలి, కాళియమ్మాళ్ పేరు మొదట ఎక్కాలి, అప్పుడే సుత్తి లేస్తుందన్నారు. సుందరమూర్తి దొరైసామిని పిలిచాడు. వాడూ కాలనీవాళ్లలాగే ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, అందుకే తిట్టు సూటిగా తగులుతుంది.

"ఏమప్పా, పెండ్లాముతో బుద్ధి కూడా పోయెనా? చెప్పు వీండ్లకు, ఆమె ఏమి వేలై చేసె, ఏ పనిలో ఉండె?"

దొరైసామి ఉలి తీసి గేటు పక్క దిమ్మెమీద ఆమె పేరు చెక్కసాగాడు. సగమైనా కాకముందే పోలీసులు వచ్చి రెక్క పట్టుకుని వ్యాన్ ఎక్కించారు. నువ్వెవరని అడిగారు.

"కాళియమ్మాళ్‌కు చేతిసాయం."

వ్యాన్ కదిలింది. వెనక ఉలి మళ్లీ మోగింది. మిగిలిన అక్షరాలు అంజలమ్మ చెక్కుతోంది.