పదకొండు వారాల పళ్ళసెట్టు

దంతవైద్యశాల వెనకగదిలో ముప్పయ్యేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్న మనిషిని అందరూ పళ్ళమేస్త్రి అంటారు. ఎవరి సెట్టయినా వారంలో చేసిచ్చేస్తాడు. పెట్టుకున్నవాళ్ళ నవ్వు కాస్త అరువు తెచ్చుకున్నట్టుంటుంది గానీ, నమలడానికి మాత్రం వంక పెట్టేందుకు ఉండదు. అంతకన్నా ఏం కావాలని అతనే అనేవాడు. ఆ మాట మీద నిలబడి ఉంటే ఎంత బాగుండేది!

భార్యకి వచ్చిన జబ్బు పేరు పలకడానికే అతనికి నెల పట్టింది. చర్మం గట్టిపడి బిగుసుకుపోయే జబ్బు, వేలమందిలో ఏ ఒక్కరికో వస్తుందట. ముందు వేళ్ళు కొయ్యబారి బ్రష్షు పట్టు తప్పింది. తర్వాత నోట్లో తడి ఆరిపోయింది. పెదాలు బిగుసుకుంటూ వచ్చి, వెనకపళ్ళ దాకా బ్రష్షు పోవడమే మానేసింది. తడిలేని నోట్లో పళ్ళు పుచ్చడానికి ఎంతసేపు? రెండేళ్ళలో అన్నీ పీకించుకోవాల్సి వచ్చింది. పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి నలుగురిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ కోరింది ఒక్కటే. ఏదైనా కొరికి, నమిలి, మింగాలి. మూడు పూటలా జావ తాగి తాగి ప్రాణం విసిగిపోయింది.

కట్టుడు పళ్ళ కోసం ఆవిడ నోటి అచ్చు తీసేటప్పటికి దంతవైద్యశాల డాక్టరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. అచ్చు తీసే పళ్ళేన్ని రెండు ముక్కలు చేసి, ఒకదాని తర్వాత ఒకటి దూర్చి ఎలాగో తీసింది. తర్వాత మేస్త్రిని పక్కకి పిలిచి, సెట్టు చిన్నగా, మధ్యలో మడతపడేలా చెయ్యమంది, అందచందాల జోలికి పోవద్దంది, ఈ నోరు ఇవాళ ఉన్నట్టు రేపుండదని మరీ మరీ చెప్పింది. అతను తలూపాడు. నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల తనకి చెప్పేదేమిటని లోపల అనుకునే ఉంటాడు.

అయినా ఐదోరోజుకి ఆమె చెప్పినట్టే చిన్న సెట్టు తయారైంది. బల్ల మీద పెట్టి చూసుకున్నాడు. అందరికీ చేసినట్టే ఉంది. ఎవరో పరాయి మనిషి తన భార్య నోట్లోంచి నవ్వబోతున్నట్టనిపించి ఒళ్ళు మండింది. సుత్తి తీసి అక్కడికక్కడే పగలగొట్టాడు. ఇంట్లో చెప్పనైనా లేదు.

పెళ్ళినాటి ఫోటో ముందు పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవిడ ముందుపళ్ళలో ఒకటి కాస్త పక్కకి తిరిగి ఉండేది. కొత్తలో దాన్ని చూసి ఎగతాళి చేసిందీ ఈ మహానుభావుడే. ఆ వంకర కుదరడానికి మూడు వారాలు పట్టింది. రంగు కుదరడానికి ఇంకో నాలుగు, చిగుళ్ళు కుదరడానికి మరో మూడు. ఇంట్లో ఆవిడ నోరు సాగదీసే వ్యాయామం చేస్తూ, ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పెట్టి నోట్లో ఎన్ని పడుతున్నాయో చూసుకునేది. తొమ్మిది పట్టేవల్లా ఎనిమిదయ్యాయి, ఆరయ్యాయి. ఎప్పటికవుతుందని అడిగితే, నీ పళ్ళే నీకు తెస్తున్నాను, కంగారుపడకు అనేవాడు. తగ్గుతున్న ఆ పుల్లల లెక్క చెవిన పెట్టే మనిషయితే కదా.

పదకొండో వారం సెట్టు తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసి, అచ్చం తనవేనంది. అతనికి గుండె నిండిపోయింది.

ఆ సంతోషం కాసేపే. మడిచి దూర్చబోయాడు, పోలేదు. పెదాలకి నూనె రాసి పక్కనుంచి దూర్చాడు, మూల చిట్లి రక్తం వచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఆమె కూడా ప్రయత్నించి చేతులెత్తేసింది. మళ్ళీ అచ్చు తీద్దామంటే సగం పళ్ళెం కూడా లోపలికి పోవడంలేదు. నోరు కోసి వెడల్పు చేద్దామంటే ఈ చర్మం మానుతుందన్న నమ్మకం లేదంది. మేస్త్రిని మాత్రం ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

ఇంటికొచ్చి ఇద్దరూ జావగిన్నె ముందు కూర్చున్నారు. దాచుకుని బతకలేననుకున్నాడు.

"ఐదోరోజే ఒకటి చేశాను. నీ పళ్ళలా లేవని పగలగొట్టేశాను."

ఆవిడ చెంచా కింద పెట్టింది. బిగుసుకున్న పెదాల మధ్యనుంచి మాట నిదానంగా వచ్చింది.

"నమలడానికి పనికొచ్చేదాండీ?"

పనికొచ్చేది కాదంటే సరిపోయేది. కానీ తన పని గురించి అతను ఏనాడూ అబద్ధమాడలేదు.

"వచ్చేది," అన్నాడు.

ఆవిడ తలూపింది. జావ చల్లారిపోతోందని చెప్పి, మళ్ళీ చెంచా అందుకుంది.